ఆరో అధ్యాయం దాకా

“‘బటన్ నొక్కండి’ అని రాశావు. ఏ బటన్ నాయనా?”

ఎర్మెక్ పళ్లు నూరాడు. “స్క్రీన్ మీద ఒక్కటే ఉంది కదా తాతా!”

“నాకు కీబోర్డు మీద వంద కనిపిస్తున్నాయి మరి.”

అందరూ గొల్లుమన్నారు. ఎర్మెక్ ఆ వాక్యాన్ని నాలుగోసారి తిరగరాశాడు.

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఆ శనివారాలు తలుచుకుంటే సయ్‌కల్‌కి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. పుస్తకాల కొట్టు వెనక ఇరుకు గది, ఎనిమిది మంది కుర్రకారు, నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌లు గిన్నెడు, మరుగుతూనే ఉండే టీ. పల్లె బడుల లైబ్రరీల కోసం ఎవరైనా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. బంగారంలాంటిది. ఎలా వాడాలో చెప్పే పుస్తకమే లేదు. బడులు తెరిచేలోగా అది రాయించాలని సయ్‌కల్ పంతం. జీతం లేని పని కదా, బతిమాలి, పొగిడి, టీ పోసి రాయించేది.

తుర్దాకున్ తాత పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చాడు. ఒక్క అక్షరం రాసేవాడు కాదు. అడిగేవాడంతే.

“సేవ్ చేస్తే అది ఎక్కడికి పోతుంది?”

“పేరు తప్పు కొడితే పుస్తకం పోయినట్టేనా?”

ఆరో అధ్యాయం అయ్యేసరికి ఎర్మెక్ సంచి భుజాన వేసుకున్నాడు.

“అక్కా, ఆయనైనా ఉండాలి, మేమైనా ఉండాలి. ఈ లెక్కన మన మునిమనవలు పూర్తి చెయ్యాలి దీన్ని!”

మిగతావాళ్లూ లేచారు. సయ్‌కల్‌కి దారి కనిపించలేదు.

“తాతగారూ, మీరింక శ్రమపడకండి. పుస్తకం అయ్యాక నేనే పంపిస్తాను.”

ఆయన కల్పాక్ టోపీ సర్దుకున్నాడు.

“నిజమేనమ్మా. నీకు రాసేవాళ్లు కావాలి.”

నవ్వుతూనే వెళ్లాడు. ఆ నవ్వు చూసి సయ్‌కల్ సిగ్గుపడింది. అయినా ఆయన్ని ఆపలేదు.

మిగతా నాలుగు అధ్యాయాలు మూడు వారాల్లో అయిపోయాయి. చప్పట్లే చప్పట్లు.

సెప్టెంబరులో బడులు తెరిచారు. ఫోన్లు మొదలయ్యాయి.

“ఎనిమిదో అధ్యాయంలో ‘మామూలుగా చేసినట్టే చెయ్యండి’ అన్నారు. ఏది మామూలు తల్లీ?” అని నరిన్ వైపు పల్లె నుంచి ఒకామె.

“ఏడు దగ్గరే ఆగిపోయాం,” అని తలాస్ నుంచి ఒకాయన.

ఆరో అధ్యాయం దాకా ఒక్కరికీ ఒక్క అనుమానం రాలేదు.

ఎర్మెకే తల గోక్కున్నాడు. “అక్కా, తాతని పిలుచుకురా. ఈసారి నోరెత్తితే ఒట్టు.”

సయ్‌కల్ వేడి రొట్టె కొనుక్కుని, అడిగి అడిగి ఆయన ఇల్లు పట్టుకుంది. నల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మ తలుపు తీసింది. ఆయన భార్య కాలిపా.

“ఆయన పోయి నలభయ్యో రోజు మొన్ననే అయింది తల్లీ. లోపలికి రా.”

రొట్టె చేతిలోనే ఉండిపోయింది. సయ్‌కల్ కళ్లు తుడుచుకుంది.

“ఆయన ప్రశ్నలే మా పుస్తకాన్ని నిలబెట్టాయమ్మా. ఆ మాట చెప్పుకోలేకపోయాను.”

కాలిపా టీ పోసింది.

“ఆ ప్రశ్నలు నావి తల్లీ. కంప్యూటర్లో నాకు ఓనమాలు రావు. ప్రతి శుక్రవారం మీరు రాసింది ఇచ్చి నన్ను దాని ముందు కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ తడబడతానో చూసుకుని మీ దగ్గరికి వచ్చేవారు.”

“మరి ఆయనకి వచ్చా?”

“తెలిసినవాడు గదిలో ఉంటే పిల్లలు రాయడం మానేసి తననే అడుగుతూ కూర్చుంటారని ఆ సంగతి బయటపెట్టలేదు గానీ, ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం ఈ బల్ల మీదే రాశారు తల్లీ.”