ఆగిన లైను

"అచ్చులు కూడా ఎక్కించేశారా?"

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి కూడా వీధంతా వాషర్లమ్మ అని పిలిచే ఆ షెడ్డు యజమానురాలు చేతిలోని పానా కింద పెట్టలేదు. పంపుల కంపెనీ పర్చేజ్ మేనేజర్. ఒకప్పుడు వారానికోసారి వచ్చి, "అక్కా, టీ" అంటూ ఇదే బల్ల మీద కూర్చునేవాడు. సముద్రం అవతల రబ్బరు వాషర్లు చవగ్గా దొరుకుతున్నాయని చెప్పి ఆర్డర్లు ఆపేసిన రోజు నుంచి ఈ వీధి మొహం చూడలేదు. ఆ ఒక్క కంపెనీనే నమ్ముకున్న షెడ్డు అప్పట్నుంచి చిక్కి చిక్కి, ఇవాళ పాత ఇనుము లారీ దాకా వచ్చింది. రబ్బరు వాషర్లు నొక్కే ప్రెస్సు ఒకటి ఇప్పటికే లారీ ఎక్కింది. పరాయి చేతులు పెట్టడం ఇష్టం లేక రెండోదాని బోల్టులు ఆమె తనే విప్పుతోంది.

"నా వాషర్ల అచ్చులతో నీకేం పని?"

"ముందది చెప్పండి మేడమ్. ఎక్కించారా?"

"ఇంకా లేదు. సాయంత్రంలోగా ఎక్కుతాయి."

అతను బల్ల మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. లారీ కేబిన్లో తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్న డ్రైవర్ కేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మా ఫ్యాక్టరీలో పంపుల లైన్ ఆగిపోయింది మేడమ్. ఒక్క వాషర్ లేదు."

"గట్టిగానే చెప్పు. వాడు రాత్రంతా లారీ తోలి వచ్చాడు, నెత్తిన పిడుగు పడ్డా లేవడు."

నలుగురూ వింటారని సిగ్గుపడుతున్నాడనుకుని ఆమెకి లోపల్లోపల సంతోషమే కలిగింది.

"ఓడలన్నీ మధ్యదారిలో ఇరుక్కుపోయాయని టీవీలో చూసే ఉంటారు," అన్నాడతను, గొంతు పెంచకుండానే.

"చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికి వచ్చావన్నమాట."

"అవును."

ఎదురు మాట వస్తుందని కాచుకుని ఉన్న ఆమె పానాని మళ్ళీ బోల్టుకి తగిలించింది.

"జాలిపడి వచ్చుంటే మాత్రం ఇప్పుడే వెళ్ళిపో. మొన్న మా మరిది ఎవరి కాళ్ళో పట్టుకుని చిన్న ఆర్డరేదో తెచ్చాడు. తిప్పి కొట్టాను. ముష్టి పని నాకక్కర్లేదు."

"మీ సంగతి నాకు తెలీదా? అవసరం నాది మేడమ్."

అతని ఫోను మోగింది. నొక్కేశాడు. మళ్ళీ మోగింది. ఈసారి పూర్తిగా ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. పైవాళ్ళు తిడుతున్నట్టున్నారు, తిట్టనీ అనుకుందామె.

"పాత రేటుకి ఇవ్వను."

"మీరు చెప్పిందే రేటు."

"రబ్బరు తెప్పించాలి. పనివాళ్ళని వెనక్కి పిలవాలి. నెల పడుతుంది."

"నెలైనా ఫర్వాలేదు."

అవసరమొస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. ఇక్కడ ఆ గాడిద తనేనని గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఓడలు కదిలిన మర్నాడే నన్ను మర్చిపోతావు. ఈ సరుకు దించేస్తే ఆ పాత ఇనుము కొన్నవాడు మళ్ళీ రాడు. ఇంకోసారి పడితే లేచే ఓపిక నాకు లేదు."

"ఓడలొచ్చినా సగం వాషర్లు మీ దగ్గరే కొంటాం. రాసిస్తాను."

"మీ పైవాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"ఒప్పించే వచ్చాను. ఒక్క గుమ్మాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో వాళ్ళకీ తెలిసొచ్చింది."

అన్నట్టే రాసి సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ముందు ఆ అచ్చులు లోపల పెట్టించక్కా," అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగాక, చేతులకి గ్రీజు ఉండటంతో ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళకి గెలిచింది. వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు, తను వెళ్ళలేదు. ఆ మాటే నాలుగుసార్లు అనుకుని, లారీ తలుపు మీద పానాతో కొట్టింది.

"లే నాయనా. ప్రెస్సు కిందికి దించాలి, అమ్మడం లేదు. నీ కిరాయికి లోటు రానివ్వనులే."

డ్రైవర్ తువ్వాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఏమైందమ్మా?"

"నీలం గేటు పంపుల కంపెనీ లేదూ, వాళ్ళు నా గుమ్మంలోకొచ్చారు. వాషర్లు లేక లైన్ ఆగిపోయిందట."

డ్రైవర్ ఇంకా నిద్రమత్తు వదలనట్టు ఆమె వంక చూశాడు.

"నిన్న ఓడ వచ్చింది కదా. రాత్రి హార్బర్ నుంచి తోలుకొచ్చి ఆ గేటులో నేను దించింది వాళ్ళ వాషర్లేనమ్మా."