భూతద్దం మామ్మ

"ముట్టుకోకండి మామ్మగారూ, కొనేవాళ్ళకే ఇస్తాం," అంది సేల్స్‌గర్ల్.

ఆవిడ వింటేగా! తలకి చుట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుని, క్రీమ్ పెట్టె తిరగేసి, సంచిలోంచి భూతద్దం తీసి, వెనకున్న చీమతలకాయంత అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.

సేల్స్‌గర్ల్ అని పేరేగానీ ఈవిడా చిన్నపిల్లేం కాదు. నలభై ఒకటి.

ఇద్దరు పిల్లల చదువులు ఆమె మొహం మీదే నడుస్తున్నాయి. ముడతలు పోగొట్టే క్రీములమ్మే కౌంటర్లో ముడతలున్న మనిషిని ఎవరు నిలబెడతారు? రెండు నెలల కిందట మేనేజర్ ఆ మాట మొహమాటం లేకుండా అనేశాడు.

అని, లోపలి గదిలో పెద్ద క్యాన్‌లోంచి తెల్ల డబ్బా ఒకటి నింపి చేతిలో పెట్టాడు.

"పెట్టెల్లో ఉన్నవి కస్టమర్లకి. ఇది మన స్టాఫ్‌కి. రోజూ రాయి."

రాసింది. పది రోజుల్లో మొహం నున్నగా, తెల్లగా, పెళ్ళికూతురి మొహంలా అయింది. ఉద్యోగం నిలబడింది. ఇంకేం కావాలి?

ఆ తర్వాత మామ్మ ప్రతి మంగళవారం వచ్చేది. మంగళవారం మేనేజర్ హెడ్డాఫీసుకి పోతాడు. కౌంటర్ దగ్గర కాస్త ఊపిరాడుతుంది.

"దీన్లో రెటినాల్ ఉంది, ముడతల మందు. రాత్రిళ్ళే రాయమను. పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి వెళ్తే మొహం మండిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి అసలు అమ్మకు," అనేది మామ్మ.

"మరి ఇదండీ? యాసిడ్ అని రాసుంది!"

"హయలురోనిక్ యాసిడ్. పేరు చూసి జడుసుకోకు. తేమని పట్టి ఉంచుతుంది, అంతే. ముడతలు పోవు, కాసేపు కనబడకుండా ఉంటాయి."

సేల్స్‌గర్ల్‌కి అంతవరకూ ధరలు తప్ప ఏమీ తెలీదు. మామ్మ మాటలే కస్టమర్లకి అప్పజెప్పింది. "అబ్బో, మీకు చాలా తెలుసండీ!" అని వాళ్ళు మెచ్చుకుంటే ఆ మెప్పంతా సిగ్గు లేకుండా తనే ఉంచేసుకుంది.

ఓ మంగళవారం మామ్మ భూతద్దాన్ని ఆమె చెంప దగ్గర పెట్టింది.

"నువ్వేం రాస్తున్నావమ్మా?"

"మా స్టాఫ్ క్రీమండీ."

"దాని పెట్టె ఏది?"

"పెట్టె ఉండదు. ఉత్త డబ్బానే."

"ఏముందో రాసిలేనిది మొహానికెలా పూస్తావు తల్లీ!" ఆవిడ భూతద్దం దించేసింది. "ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు."

"ఇంకా మించిపోలేదు. ఇవాళే చర్మం డాక్టర్ దగ్గరికెళ్ళు. డబ్బా కూడా పట్టుకెళ్ళు. నీ అంతట నువ్వు ఠక్కున మానేశావో, మొహం నిప్పుల్లో పెట్టినట్టుంటుంది."

పక్కన ఇద్దరు కస్టమర్లు చెవులు రిక్కించి వింటున్నారు.

సేల్స్‌గర్ల్‌కి ఒళ్ళు మండింది. నిజానికది కోపం కాదు, భయం. ఆ డబ్బా వదిలేస్తే ఉద్యోగం వదిలేసినట్టే.

"ముందు మీ మొహం అద్దంలో చూసుకోండి మామ్మగారూ! తర్వాత నాకు చెబుదురుగాని."

కస్టమర్లు కిసుక్కుమన్నారు.

మామ్మ మొహమంతా ఎర్రెర్రగా, ఉల్లిపొరలా పల్చగా, మచ్చలతో ముడుచుకుపోయి ఉంది.

"చూసుకునే వచ్చానమ్మా," అంది.

ఆ సాయంత్రం మేనేజర్ తిరిగి రాగానే సేల్స్‌గర్ల్ ఆయన చెవిన వేసింది. ఎవరో మతిలేని ముసలావిడ వచ్చి లేనిపోనివన్నీ చెబుతోందని. ఆయన వాచ్‌మన్‌ని పిలిచి, ఆవిడ మళ్ళీ గడప తొక్కితే నీ ఉద్యోగం ఊడుతుందన్నాడు.

పై మంగళవారం అద్దాల తలుపు అవతల మామ్మ చేతులూపుతూ ఏదో చెబుతోంది. సేల్స్‌గర్ల్ చూసీ చూడనట్టు సీసాలు సర్దుకుంది.

ఏడాది తిరిగింది.

మొహం మీద ఎర్రటి నరాలు దారాల్లా తేలాయి. పొయ్యి దగ్గర నిలబడితే మంట. ఎండ తగిలితే మంట. క్రీమ్ ఒక్కరోజు మానేస్తే మొహం వాచి చీముపొక్కులు. అందుకని రెండు పూటలా రాసింది. ఆ మీదట మూడు పూటలా.

చివరికి డాక్టర్ దగ్గర కూర్చుంది.

"స్టెరాయిడ్ కలిపారమ్మా ఇందులో. చర్మం బాగా పల్చబడిపోయింది. ఇక మునుపటిలా రాదు."

"లేజర్ చేస్తారటగా? ఇంజెక్షన్లో, ఏదో ఒకటి..."

"ఈ చర్మం మీద లేజరా? ఉన్నది కూడా పోతుంది. ముందే ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారండీ," అంది, తల దించుకుని.

ఆ వారమే ఉద్యోగం పోయింది. తన సంచీ తీసుకుని బయటికొచ్చాక వాచ్‌మన్ దగ్గర ఆగింది.

"అన్నా, ఆ భూతద్దం మామ్మ ఎక్కడుంటుంది? ఈ మంట తగ్గే దారేదో ఆవిడకి తెలిసే ఉంటుంది."

"ఊరొదిలి వెళ్ళిపోయిందమ్మా. నేను ఆపాక కూడా నాలుగు మంగళవారాలు వచ్చి ఆ మెట్ల మీదే కూర్చుంది. 'ఒక్కసారి ఆమెని పిలువు' అని బతిమాలింది. నాకూ పిల్లలున్నారు, పిలవలేదు."

"ఎక్కడికెళ్ళిందో..."

"నాకు చెప్పలేదు."

సేల్స్‌గర్ల్‌కి ఏడుపు ఆగలేదు. కన్నీళ్ళు తగిలి చెంపలు భగ్గుమన్నాయి.

"అంత పెద్దావిడని పట్టుకుని ఎంతేసి మాటలన్నాను!"

వాచ్‌మన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పొద్దందిగానీ, పెద్దావిడేంటమ్మా, మీకన్నా ముందు ఆ కౌంటర్లో పనిచేసిన పిల్ల ఆవిడే, మీకంటే ఆరేళ్ళు చిన్నది."