డాబా మీద బబూన్

నాచారంలో గంగాధరరావుగారి డాబా పిట్టగోడ మీదికి ఒక పుర్రె వచ్చి చేరింది. ఆఫ్రికాలో ఉండే పెద్దజాతి కోతి, మగ బబూన్ పుర్రె. అసలుది కాదు, రెజిన్‌తో చేసిన నకలు. ఆన్‌లైన్‌లో తెప్పించారు. కోరలు మాత్రం రెండంగుళాలు.

కాలనీలో కోతుల బాధ మొదలై రెండేళ్లయింది. సరిగ్గా అసోసియేషన్ ఎన్నికల్లో గంగాధరరావు మూడు ఓట్లతో ఓడి, పెంటయ్య ప్రెసిడెంటయిన నెల నుంచే. "ఆయనొచ్చాడు, కోతులొచ్చాయి" అని వాకింగ్‌లో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవారు గంగాధరరావు. ప్రభుత్వ ల్యాబులో సైంటిస్టుగా రిటైరైన మనిషి. అక్కడ ముప్ఫై ఏళ్లూ డిప్యూటీగానే ఉండిపోయారు. చచ్చేలోగా ఒక్కసారైనా, దేనికైనా సరే, ప్రెసిడెంటు అనిపించుకోవాలని ఆయన కోరిక. మళ్లీ ఎన్నికలు నలభై రోజుల్లో ఉన్నాయి.

మీటింగులో పుర్రెని బల్ల మీద పెట్టి గంటసేపు మాట్లాడారు.

"బబూన్లు నేల మీద గుంపులుగా బతుకుతాయి. తల్లి హోదా కూతురికి వస్తుంది. మగవి పుట్టిన గుంపు వదిలి, ఇంకో గుంపులో చేరి, పోట్లాడి పెద్దరికం సంపాదిస్తాయి. తిండి దొరికిన చోటు మాత్రం అస్సలు మర్చిపోవు. మగ బబూన్ ఆవలించిందంటే నిద్రొచ్చి కాదు, కోరలు చూపించడానికి."

వింటున్నవాళ్లు నిద్రొచ్చే ఆవలించారు.

పెంటయ్య లేచాడు. "ఆఫ్రికా జంతువంటున్నరు గద సారూ. మన నాచారం కోతులకు గదేందో ఎట్ల ఎర్కైతది?"

"భయం రక్తంలో ఉంటుందయ్యా."

ఇంట్లో భార్య తారామణి ఒకే మాట అంది. "రెజినైనా పుర్రె పుర్రేనండీ. అది దిగేదాకా నేను డాబా మెట్లెక్కను."

"ఎక్కకు" అన్నారాయన. ఆరేసే బట్టలు బాల్కనీలోకి మారాయి.

మొదటి వారం కోతులు ఎప్పటికన్నా ఎక్కువే వచ్చాయి. పిట్టగోడ పొడుగునా కూర్చుని మెట్లవైపు చూశాయి. ఒకటి పుర్రె నెత్తినెక్కి పిల్లకి పేలు చూసింది. "భయం లోపలికి దిగడానికి టైం పడుతుంది" అన్నారు గంగాధరరావు. రెండో వారం సగమే వచ్చాయి. మూడో వారం ఒకటీ రెండూ. నాలుగో వారం ఒక్కటీ లేదు.

కాలనీ నోరెళ్లబెట్టింది. ఆయన చార్టు పేపరు మీద గ్రాఫు గీసి గేటుకి అంటించారు.

ఆ రోజుల్లో ఆయన్ని విసిగించింది ఒక్కటే. టిఫిన్‌లో అరటిపండు, భోజనంలో అరటిపండు, టీతో కూడా అరటిపండు.

"ఇన్నెందుకు తెప్పిస్తున్నావే?"

"ఉప్పల్ నుంచి ఆ పళ్లబండి మొగిలయ్య అలవాటుగా తెచ్చిచ్చి పోతున్నాడు. పారేస్తామా?" అంది తారామణి. ఎందుకో ఆమె మొహం వాడిపోయి ఉంది. ఎన్నికల దిగులు కాబోలు అనుకుని, ఆయన జాలిపడి ఇంకో పండు తిన్నారు.

ఎన్నికల్లో నలభై రెండు ఓట్ల మెజారిటీ. పెంటయ్యే స్వయంగా వచ్చి దండ వేశాడు.

"మీరే గెలిసిన్రు సారూ. నేను పుట్టింది గీడనే, గా రెండేండ్ల ముందు గిన్ని కోతుల్ని ఎన్నడు సూడలే. ఇగ జర గా పుర్రెను మెయిన్ గేటు మీద పెట్టియ్యున్రి. అందరికి పనికొస్తది."

ఆ సాయంత్రమే పుర్రెని డాబా దించి, పూలదండతో గేటు దాకా ఊరేగించారు. గంగాధరరావు కళ్లు చెమర్చాయి. మైకు పట్టుకుని ప్రకటించారు. "నా హయాంలో ఈ కాలనీలో ఒక్క కోతి కనిపించినా, ఆ పూటే రాజీనామా చేస్తాను."

చప్పట్లు ఆగలేదు. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది తారామణి.

మర్నాడు మంగళవారం పొద్దున్నే, పుర్రె దిగిపోయిన డాబా మీదికి తారామణి రెండు బుట్టల అరటిపళ్లు మోసుకెళ్లింది; ఆయన ఓడిన నెల నుంచీ వారం వారం కోతులకు ఒక బుట్ట పెడుతూ, గెలిస్తే రెండు పెడతానని ఆంజనేయస్వామికి మొక్కుకుంది మరి.