రచయిత నోరెత్తకూడదు

సరస్సు ఒడ్డున ఉన్న మా కిసుము ఊళ్ళోని వింతకథల రచయితల సంఘానికి ఒకటే నియమం: కథ చదివినవాడు మా విమర్శ ముగిసేదాకా నోరెత్తకూడదు.

కొత్తగా చేరిన ఒడేరా తన కథ చదివాడు. చుక్కల అవతలి నుంచి వచ్చినవాడి ఓడ చేపల బజారు వెనక ఆగిపోతుంది. పొద్దు గూకేలోగా కదలకపోతే వాడిక తల్లిని చూడలేడు.

"తల్లి సెంటిమెంటు అరిగిపోయింది," అంది అధ్యక్షురాలు అపియో. "అయినా కిసుములో ఎవడు దిగుతాడు తమ్ముడూ? న్యూయార్క్‌కి మార్చు."

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు మార్చాలక్కా? ఆకాశం వాళ్ళ తాతల సొత్తా? ఓడ మన బురదలోనే దిగుతుంది!"

వాదన ముదిరింది. కిటికీలోంచి వాలుతున్న పొద్దును చూసి ఒడేరా చెయ్యెత్తాడు.

"నియమం నియమమే!" అపియో కళ్ళెర్రజేసింది.

చివరికి నేనే గెలిచాను. కథ కిసుములోనే జరగాలని తీర్మానించాం.

"ఇప్పుడు మాట్లాడు," అంది అపియో.

"ఓడ బజారు వెనకే ఉందక్కా. బ్యాటరీ దిగిపోయింది. అందరూ వచ్చి కాస్త తోస్తారా?"

బజారు వెనక ఒడేరా ఓడ ఎక్కాడు. మోకాటిలోతు బురదలో దిగి, మొరాయించిన మటాటూ బండిని తోసినట్టే తోశాం. ఓడ దగ్గి దగ్గి, సరస్సు మీదుగా పైకి లేచింది.

ముఖాన బురద తుడుచుకుంటూ అపియో ఆకాశంకేసి అరిచింది.

"ముగింపు నమ్మేట్టు లేదు తమ్ముడూ! తిరగరాసి పట్రా!"