సాఫ్ చేసిన కథ

షాపు బయట స్పీకర్లో వస్తున్న కథ విని, భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన ఒకడు నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

వెనకాల ఆటోవాడు హారన్ మోత మోగించాడు.

"ఓ తాతా! సావాల్నంటే వేరే బండి సూస్కో!"

ముసలాయన ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు. నేరుగా షాపులోకే వచ్చాడు.

సూర్యాపేట బస్టాండు వెనక సందులో చిన్న మొబైల్ షాపు అది. ఒకప్పుడు మహేశ్వర్ అందులో క్యాసెట్లు అమ్మేవాడు. ఇప్పుడు, 2012లో, మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించి ఇస్తున్నాడు.

"సారూ, గిది వీరేశం చెప్పిన మారయ్య కథ గాదు?"

మహేశ్వర్ చటుక్కున తలెత్తాడు. వచ్చినవాళ్లంతా సినిమా పాటలే అడుగుతారు. ఆ కథ పేరు ఇంకొకరి నోట వినక ఏళ్లయింది.

"నీకెట్ల ఎరుక పెద్దమనిషీ?"

"ఎరుకే. జర మొదటికెల్లి ఇననిస్తవా?"

"గంట పడ్తది."

"పడనీ. గొర్లకాడ మా బామ్మర్ది ఉన్నడు."

మహేశ్వర్ స్టూలు జరిపాడు. ముసలాయన తలపాగా విప్పించి, హెడ్‌ఫోన్ తానే తొడిగాడు.

వేములపల్లి వీరేశం ఒగ్గుకథ క్యాసెట్ 2001లో వచ్చింది. మహేశ్వర్‌కు గోపికతో పెళ్లయిందీ ఆ ఏడాదే. టేపు అరిగేదాకా ఇద్దరూ విన్నారు. మూడేళ్ల కిందట గోపిక జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. వీరేశం కూడా పోయాడని ఎవరో మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

మొన్న ఎండాకాలంలో ఆ క్యాసెట్ మళ్లీ బయటికి తీశాడు మహేశ్వర్.

కథ అదే. వినే చెవులే మారిపోయాయి.

ఒగ్గుకథలో కథకుడు ఓ మాట చెప్పి ఆగితే, పక్కనున్న వంతవాడు "ఆఁ, అటెన్క?" అని అందుకుంటాడు. అప్పట్లో ఆ గొంతును మహేశ్వర్ పట్టించుకోనే లేదు. ఇప్పుడు అదే ముల్లులా గుచ్చుకుంది. షాపు మూసి ఇంటికి పోతే, ఆ తర్వాత ఏమైందని తనను అడిగే దిక్కు లేదు. టేపులో మాత్రం ఎవడో ఊపిరి సలపనివ్వకుండా అడుగుతున్నాడు.

ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. కాసేపు అతని పెదాలు కదిలాయి.

తర్వాత ఆగిపోయాయి.

కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు. ముందుకు వంగాడు. కథ ముగిసేసరికి అతని తల వాలిపోయి ఉంది.

"ఏం, మంచిగ లేదా?"

"మంచిగుంది. గింత జల్ది ఒడిసిందేంది సారూ?"

మహేశ్వర్ నవ్వాడు. "సాఫ్ చేసిన. నడుమ నడుమ ఒకడు అడ్డమొస్తుండె. రెండొందల పైన ఉన్నయి! వారం రోజులు కంప్యూటర్ ముంగట కూసొని అన్నీ కోసి పారేసిన. ఇప్పుడు వీరేశం ఒక్కడే."

ముసలాయన మోకాళ్లు నిమురుకున్నాడు.

"క్యాసెట్ ఉన్నదా?"

"టేపు సుట్టుకపోయి తెగింది. పాతసామాన్లోనికి ఏసిన."

ముసలాయన తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

"మంచిగనే చేసినవ్," అన్నాడు చివరికి. "వీరేశం గొంతు సాఫ్‌గ ఇనవడ్తుంది."

మహేశ్వర్ సంతోషం పట్టలేక టీ తెప్పించాడు.

"ఇంట్ల ఎవరెవరుంటరు సారూ?" ముసలాయన గ్లాసు అందుకుంటూ అడిగాడు.

అంతే. కోదాడలో గోపికను చూడబోయినప్పటి నుంచి ఆమె ఆఖరి జ్వరం దాకా మహేశ్వర్ చెప్పుకుపోయాడు. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని మాటలు. మాట ఆగిన చోట ముసలాయన తొందరపెట్టలేదు, ఓదార్చలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపుకే తర్వాతి మాట దానంతటదే వచ్చింది.

టీ చల్లారిపోయింది. ఇద్దరు గిరాకీలు వచ్చి, చూసి, వెళ్లిపోయారు.

"మళ్ల రావాలె పెద్దమనిషీ."

"వస్త బిడ్డా."

అతను సందు మలుపు తిరిగాక గుర్తొచ్చింది, పేరైనా అడగలేదని.

ఆ స్టూలు మీద మహేశ్వర్ ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. వారం చూశాడు. రెండు వారాలు చూశాడు. గొంగడి కనిపిస్తే చాలు, కౌంటర్ దాటి బయటికి వచ్చేవాడు.

నెల తిరిగాక ఒకామె వచ్చింది.

"అన్నా, గీ ఫోన్ల మారయ్య కథ ఎక్కియ్యవా? మా నాయిన గీడనే ఇన్నడట. చివ్వెంల లింగయ్య. గొంగడి ఏస్కొని వచ్చిండు సూడు."

మహేశ్వర్ ముఖం వెలిగిపోయింది. "ఆయన బిడ్డవా చెల్లే! మళ్ల వస్తనన్నడు, రాకపాయె! ఏడున్నడు?"

"సోమారం కాలం జేసిండన్నా."

మహేశ్వర్ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, ఫోన్ తీసుకుని వైరు తగిలించాడు.

"గీడికెల్లి వచ్చిన దినం ఒకటే సంబురం అన్నా," ఆమె చెబుతోంది. "మా ఇంట్ల టేప్‌రికార్డర్ లేకుండె. క్యాసెట్ వచ్చి పదకొండేండ్లాయె, ఆయన ఇన్నది గదే మొదలు. 'నా గొంతు గట్లనే ఉన్నది బిడ్డా, ఒక్క మాట గూడ పోలే' అన్నడు. గది ఇందామనే వచ్చిన."

మహేశ్వర్ చెయ్యి ఆగింది.

"నీకు తప్పు సమజైంది చెల్లే. అండ్ల ఉన్నది వీరేశం గొంతు."

"వీరేశం మామ కథ చెప్పెటాయనన్నా." కథ ఎక్కిన ఫోన్ అందుకుని ఆమె ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన ఆగినప్పుడల్ల 'ఆఁ, అటెన్క?' అని అడుగుతడు సూడు, గాయినే మా నాయిన."