గోలు వెనక మనిషి

"చొక్కా విప్పు," అన్నాడు ఈనాక్.

జేబెజ్ బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నవాడల్లా తలెత్తి నవ్వాడు. బావ పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. ఈనాక్ మొహం చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆవేళ అమెరికన్ కప్పు ఫుట్‌బాల్ సెమీఫైనల్. గెలిచినవాళ్ళు ఫైనలుకి, ఓడినవాళ్ళు ఇంటికి. శనివారం మధ్యాహ్నం మిల్లు కూత కూయగానే ఫాల్ రివర్ నూలు మిల్లుల జనమంతా ఒంటిమీది దూది కూడా దులుపుకోకుండా మైదానానికి వచ్చిపడ్డారు. అవతల పొరుగూరు పాటకెట్ జట్టు అప్పుడే బంతి తన్నుకుంటూ ఒళ్ళు వేడి చేసుకుంటోంది. ఈనాక్ ఫాల్ రివర్ జట్టుకి కెప్టెన్. జేబెజ్ గోల్‌కీపర్, ఈనాక్ భార్యకి సొంత తమ్ముడు.

"నిన్న స్టేషన్ దగ్గర పాటకెట్ మిల్లు మేనేజరు గాల్‌బ్రెయిత్‌తో మాట్లాడావా లేదా?"

"మాట్లాడాను."

"వాళ్ళ జట్టులోకి పోతున్నావా?"

రేకుల షెడ్డులో ఉన్న ఆటగాళ్ళంతా చేస్తున్న పని ఆపి జేబెజ్ వైపు చూశారు.

"కప్పు అయ్యాక పోతాను బావా. ఇవాళ మాత్రం..."

"ఇవాళ వాళ్ళకి దారి వదిలేస్తావు, రేపు వాళ్ళ ఉప్పు తింటావు. అంతేగా?"

"ఒక్క బంతిని కూడా నన్ను దాటి పోనివ్వను. అక్క మీద ఒట్టు."

"మీ అక్క పేరెత్తకు! ఈ జట్టుని వదిలిపోయేవాణ్ణి మనిషి కింద జమకట్టనని నీకు తెలీదూ? ఏమిస్తామన్నారు? మేస్త్రీ పనా? ఇల్లా?"

జేబెజ్ ఏదో చెప్పబోయి, పెదవులు బిగించుకున్నాడు.

"అమ్ముడుపోయిన సరుకు మాట్లాడదులే," అన్నారెవరో వెనకనుంచి.

ఈనాక్ ఇంకో మాట అనబోయేంతలో దగ్గు తెర వచ్చింది. దూది ఏకే గదిలో పనిచేసేవాళ్ళలో ఆ దగ్గు లేనివాడెవడు? జేబెజ్ అలవాటుగా నీళ్ళ చెంబు అందించాడు. ఈనాక్ దాన్ని చేత్తో తోసేశాడు. నీళ్ళు నేలపాలయ్యాయి.

జేబెజ్ చొక్కా విప్పి, మడతపెట్టి జట్టులో కుర్రాడు విల్ఫ్ చేతిలో పెట్టాడు. విల్ఫ్ దాన్ని తొడుక్కోకుండా ఈనాక్ వైపు చాచాడు.

"నేనెప్పుడూ గోలు కాయలేదు కదా అన్నా!"

"నిజాయితీ ఉంది నీకు. అది చాలు," అన్నాడు ఈనాక్.

నిజాయితీ చాలాసేపే కాసింది. ఒకవైపు వాన, కాళ్ళ కింద బురద. ఎవరూ గోలు చెయ్యలేకపోయారు. ఆట చివరికొచ్చేసరికి ఈనాక్‌కి ఊపిరి అందడం లేదు. అయినా పరిగెడుతూనే ఉన్నాడు. అప్పుడు వినిపించింది గోలు వెనకనుంచి కేక.

"విల్ఫ్, ముందుకి రా! ఆ పొడుగువాడు ఎడంకాలితో కొడతాడు! కుడి కంబం వైపు జరుగు!"

జేబెజ్ ఇంటికి పోలేదు. వానలో తడుస్తూ గోలు వెనకే నిలబడ్డాడు. ఈనాక్ మైదానం మధ్యనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"వెనకనుంచి కూడా ముంచుదామనుకున్నావా? వాణ్ణి కంగారుపెట్టకు. పోరా ఇక్కణ్ణుంచి!"

జనం గోల చేశారు. ఎవరో బురద ముద్ద విసిరారు. అది జేబెజ్ చెంపమీద పడింది. అతను తుడుచుకోలేదు. కోటు కాలరు పైకి లాక్కుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

కాసేపటికే బంతి ఆ పొడుగువాడి దగ్గరికి వచ్చింది. ఎడంకాలితో కొట్టాడు. విల్ఫ్ ఎడమకి దూకాడు. బంతి కుడి కంబాన్ని రాసుకుంటూ లోపలికి పోయింది.

ఈల మోగింది. ఆట అయిపోయింది.

జేబెజ్ ఉంటే ఆ బంతి అతని చేతుల్లో పిల్లికూనలా ఒదిగిపోయేది. ఆ సంగతి అందరి మనసుల్లోనూ మెదిలింది. ఈనాక్ బురదలోనే కూలబడి, ఎవరూ లేని గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. దారి తప్పినవాడైనా ఇంటి మనిషి. అందరిముందూ అంత మాట అని ఉండాల్సింది కాదు.

గొడుగు పట్టుకుని ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చాడు. గాల్‌బ్రెయిత్.

"జేబెజ్‌ని ఎందుకు ఆడించలేదు కెప్టెన్ గారూ?"

"మీరు కొనుక్కున్నవాడు మా గోలెందుకు కాస్తాడు?"

"కొనుక్కోవడమా?" గాల్‌బ్రెయిత్ ఆశ్చర్యపోయాడు. "మేస్త్రీ పనిస్తామన్నాం, ఇల్లిస్తామన్నాం. కొన్నాళ్ళుగా బతిమాలుతుంటే తల అడ్డంగానే ఊపాడు. నిన్న తనంతట తనే వచ్చాడు. పైగా, ఇవాళ మమ్మల్ని ఓడించాకే వస్తానని నా మొహానే చెప్పాడు."

ఈనాక్ బురదలోంచి లేచాడు. "మరి ఏమడిగాడు మిమ్మల్ని?"

"కప్పు అయ్యేదాకా మీతో అనొద్దన్నాడు. మీ కప్పు అయిపోయిందిగా, చెబుతాను. మా మిల్లు యార్డులో పనడిగాడు. ఆరుబయట, బళ్ళమీదికి పెట్టెలెక్కించే చోట."

"యార్డులోనా? మేస్త్రీ పని వద్దని, బళ్ళ దగ్గర పనడిగాడా?"

"అతనికి కాదండీ," అన్నాడు గాల్‌బ్రెయిత్. "'నాకేమీ వద్దు. మా బావని ఆ దూది గదిలోంచి బయటికి లాగండి చాలు, ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ మీ గోలు కాస్తాను' అన్నాడు."