పచ్చ లైటు

ఆ ఇంట్లో కాఫీ కంటే ముందు కోడళ్లిద్దరూ అత్తగారి ముందు చేతులు చాపాలి. మణికట్టు మీది బ్యాండు ఎర్రగా వెలిగితే పూర్తి విశ్రాంతి, పసుపైతే కూర్చుని చేసే పనులు, పచ్చగా ఉంటే మిగిలిన చాకిరీ అంతా. ఊరంతా అదే పద్ధతి. ఒంట్లో ఎలా ఉందని ఇప్పుడెవరూ నోటితో అడగరు.

చిన్నకోడలు మోక్షితకి ఫైబ్రోమయాల్జియా. నిద్ర లేచేసరికి ఒళ్లంతా రోకలితో దంచినట్టుంటుంది, కుక్కర్ విజిల్ పళ్లలోకి దిగుతుంది, ఫ్రిజ్ తెరిచాక ఎందుకు తెరిచిందో గుర్తుండదు. ఆ జబ్బు మాత్రం బ్యాండుకి అందదు. పెద్దకోడలు లాస్య రోజూ, "పచ్చగానే ఉందిగా, నీకేం మాయరోగం" అని భుజం మీద ఒక్కటి చరిచి వెళ్లేది.

ఈ వేసవిలో ఓ పొద్దున ఆ లాస్యే గోడ పట్టుకుని మోక్షిత గదిలోకి వచ్చింది.

"ఒళ్లంతా పుండులా ఉందే మోక్షీ. జాకెట్టు తగిలినా మండుతోంది. ఇదేమో పచ్చగానే చూపిస్తోంది. నువ్వైనా అత్తయ్యకి చెప్పవే, నీకు తెలుసుగా."

మోక్షితకి తెలుసు. మెడ దిగి భుజంలో కలిసేచోట ఆ నొప్పి ఎక్కడ కాపురం పెడుతుందో కూడా తెలుసు. ఆ రోజు ఆమెకి కాస్త జలుబు చేసి, బ్యాండు పసుపుగా ఉంది.

"దుప్పట్లు ఆరేసి, బాల్కనీ కడిగేదెవరమ్మా ఇవాళ?" అంటూ అత్తగారు వచ్చింది.

"అక్క చేస్తుంది అత్తయ్యా, పచ్చగానే ఉందిగా" అని నవ్వుతూ, ఇన్నేళ్ల చరుపులన్నీ ఒక్క చేతిలోకి తెచ్చుకుని, మోక్షిత సరిగ్గా ఆ చోటే చరిచింది.

లాస్య కళ్లలోంచి నీళ్లు జారి బ్యాండు మీద పడ్డాయి. అది పచ్చగా వెలుగుతూనే ఉంది.